సవరణ: పార్కు స్థలం ఎవరిది?

అనంతపురంలో మా కాలనీ పార్కు స్థలంలో పేదల ఇళ్లకని ప్లాట్లు వేయొద్దంటూ ఆదివారం పెట్టిన పోస్టులో "ఇది కాలనీ సంఘం స్థలం" అని ఉంది. దాన్ని "నగరపాలక సంస్థకు అప్పగించిన ఉమ్మడి స్థలం" అని చదువుకోగలరు. లేఅవుట్ వేసేవాళ్లు 10 శాతం జాగా ఖాళీగా వదిలి, గిఫ్ట్ డీడ్ (దానపత్రం) రాసి స్థానిక సంస్థకు ఇవ్వాలి. ఆ తర్వాత అది వాళ్లదీ కాదు, సంఘానిదీ కాదు. అందరిదీ. మనకు బలం అదే. పార్కుకని వదిలిన చోటును ప్రైవేటు ఆసుపత్రికి ఇవ్వడం చెల్లదని 1991లో బెంగళూరు కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

పేదల ఇళ్లను అడ్డుకుంటున్నామని కొందరు అనుకున్నారు. అస్సలు కాదు. ఇల్లు ఎవరికైనా కావాల్సిందే. మేం అడిగేది ఈ ఒక్క జాగా వదిలేయమని. వానలు అంతంతమాత్రమైన ఈ ఊర్లో ఆ కానుగ చెట్లను మా ఆడవాళ్లు బిందెలతో నీళ్లు మోసి బతికించారు. ఇప్పుడు వాటి మొదళ్ల పక్కనే సున్నం గీతలు, హద్దురాళ్లు!

అర్జీలో కూడా ఆ మాట మార్చాం. పాతదాని మీద సంతకం చేసినవాళ్లు దయచేసి మళ్లీ చేయండి. గిఫ్ట్ డీడ్ నకలు కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాం, 30 రోజుల్లో జవాబివ్వాలి.