సేవకు ముందే సంతకం

ముందు సంతకం, ముద్ర పడతాయి. పేరు తర్వాత నింపుకుంటారు. గంటల గడిలో ఏ అంకె కావాలంటే ఆ అంకె వేసుకుంటారు. విద్యార్థుల సేవా ధ్రువపత్రాలు ఇలా కట్టలుకట్టలుగా తయారవుతున్న సంగతి చదువుల రంగంలో ఎవరికీ కొత్త కాదు. దాన్ని దాచిపెట్టాలని కూడా ఇప్పుడు ఎవరూ అనుకోకపోవడమే కొత్త. పిల్లల భవిష్యత్తు అంటారు, పై చదువుల దరఖాస్తు అంటారు, అందరూ చేస్తున్నదేగా అంటారు. లోకంలో దొంగలెక్కలకు కొదవలేదు. కానీ ఇది సేవ పేరిట, పెద్దల చేతుల మీదుగా, ఓటు హక్కు రాకముందే పిల్లలకు నేర్పుతున్న దొంగలెక్క. మా అభ్యంతరం అక్కడే.

అలాంటి సేవా పుస్తకం ఒకటి తెరిచి చూస్తే చాలు. ఇరవై వారాల పని ఒకే కలంతో, ఒకే సిరాతో, ఒకే వాలులో ఉంటుంది. ప్రతి వారం సరిగ్గా రెండు గంటలు. గంటా నలభై నిమిషాలన్నది ఎక్కడా కనిపించదు. వాన పడిన వారం లేదు, జ్వరమొచ్చిన వారం లేదు. పని వివరం గడిలో మొదట ‘సమాజ సేవ’ అని రాసి, కింద వరుసంతా ‘పైదే’ అన్నట్టు రెండేసి గీతలు. నిజంగా పనిచేసిన వాళ్ల పుస్తకం ఇంత శుభ్రంగా ఉండదు. కొట్టివేతలుంటాయి, రానివాళ్ల పేర్లుంటాయి, తాళంచెవి తెచ్చే మనిషి ఆలస్యమైతే పోయిన ఇరవై నిమిషాలూ ఉంటాయి. కింద సంతకం పెట్టే పెద్దమనిషికి ఈ తేడా తెలియదనుకోలేం. తెలిసే పెడుతున్నారు.

కెనడాలోని ఒంటారియోలో ఉన్నత పాఠశాల పట్టాకు 40 గంటలు, అమెరికాలోని మేరీల్యాండ్‌లో 75 గంటలు, మన దేశంలో 1969లో మొదలైన జాతీయ సేవా పథకం (ఎన్ఎస్ఎస్)లో రెండేళ్లకు 240 గంటలు. గంటల లెక్క చాలాచోట్ల ఉన్నదే. బలవంతంగా మొదలైనా పోనుపోను అలవాటవుతుందనే వాదన ఉంది, కొందరి విషయంలో అది నిజం కూడా. అయితే అలవాటయ్యేది ఏది? పని చేయించి సంతకం పెడితే పని అలవాటవుతుంది. పని లేకుండా పెడితే సంతకమే అలవాటవుతుంది. పలు దేశాల బడుల్లో నడిచే ఇంటర్నేషనల్ బాకలారియెట్ కోర్సు ఒకప్పుడు 150 గంటలు అడిగేది. తర్వాత ఆ లెక్క వదిలేసి, విద్యార్థి ఏం నేర్చుకున్నాడో చూపమంటోంది. గడియారాన్ని నమ్ముకుంటే ఎక్కడికి చేరతామో అక్కడి వాళ్లకు అర్థమైనట్టే ఉంది.

రక్తదాన శిబిరం చూద్దాం. ఎంతో మంచి పని, తలపెట్టేదీ ఎక్కువగా కుర్రకారే. ఒక్కరోజే మూడు వందల మందిని వరుసలో నిలబెడితే ఫొటో ఘనంగా వస్తుంది. ఆ తర్వాతి సంగతి బ్లడ్ బ్యాంకు సిబ్బందిని అడగాలి. ఎర్ర రక్తకణాలను 2 నుంచి 6 డిగ్రీల దగ్గర, సంచిలోని ద్రావణాన్ని బట్టి 35 నుంచి 42 రోజులు నిల్వ ఉంచవచ్చు. ప్లేట్‌లెట్లకు చలి పనికిరాదు. 20 నుంచి 24 డిగ్రీల మధ్య, ఆగకుండా ఊగే పళ్లెం మీద, సాధారణంగా అయిదు రోజులే నిలుస్తాయి. ఒకేసారి వచ్చిపడిన ప్లేట్‌లెట్లలో అయిదు రోజుల్లో వాడుకోనివి ఆరో రోజున పారబోయాలి. ఇక ఆ మూడు వందల మందిలో ఏ ఒక్కరూ మూడు నెలల దాకా మళ్లీ సూది వేయించుకోకూడదు. రెండో నెలలో ఎవరికో ప్రమాదం జరిగి రక్తం కావలసివస్తే కళాశాల మొత్తం చేతులెత్తేయాల్సిందే.

పరిష్కారం చిన్న లెక్కే. వారానికి ఇరవై మూడు మంది చొప్పున సుమారుగా పదమూడు జట్లు. పదమూడో జట్టు ఇచ్చాక, మరుసటి వారానికి మొదటి జట్టు మళ్లీ సిద్ధం. ఆడపిల్లలకు నాలుగు నెలల ఎడం ఉండాలి కాబట్టి వాళ్ల జట్లు పద్దెనిమిది. ఏడాది పొడవునా రక్తం అందుతుంది, వృథా తగ్గుతుంది. బ్యానరు మాత్రం ఉండదు. ఈ పద్ధతి ఎక్కువచోట్ల ఎందుకు లేదో ఊహించడం కష్టం కాదు.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం మరొకటుంది. రక్తం ఇచ్చినవాడికే ధ్రువపత్రం, ఇన్ని గంటల జమ అన్న మరుక్షణం, రక్తమిచ్చే ముందు నింపే ప్రశ్నల పత్రంలో అబద్ధం రాయడానికి ఒక కారణం పుడుతుంది. మొన్నటి జ్వరం, వాడుతున్న మందు, ఈమధ్యే వేయించుకున్న పచ్చబొట్టు అన్నీ ‘లేదు’ గడిలోకి వెళ్లిపోతాయి. శరీరంలోకి కొత్తగా చేరిన వైరస్‌ను మొదటి రోజుల్లో ఏ పరీక్షా పట్టలేదు. అక్కడ రోగికి రక్ష దాత చెప్పే నిజం ఒక్కటే. ప్రతిఫలం ఆశించని స్వచ్ఛంద దాతల నుంచే రక్తం తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టుబట్టడానికి ఒక ముఖ్య కారణం ఇదే. ధ్రువపత్రం డబ్బు కాదు కదా అంటారేమో. దాని కోసం పిల్లలు అబద్ధమాడుతున్నారంటే డబ్బుకు తక్కువేం కాదు.

తొందర వల్ల ఇంకో నష్టం కూడా ఉంది. తొలిసారి ఇచ్చేవాళ్లలో, అందులోనూ చిన్న వయసు వాళ్లలో, సొమ్మసిల్లడం ఎక్కువ. కడుపులో ఏదో ఒకటి ఉండాలి. సూదికి కాసేపటి ముందు అర లీటరు నీళ్లు తాగించాలి. బల్ల మీద ఉన్నంతసేపు తొడలు, పిక్కలు బిగించి వదులుతుండమనాలి. ఇచ్చాక పావుగంట కూర్చోబెట్టాలి. వరుస పొడవైతే మొదట ఎగిరిపోయేది ఆ పావుగంటే. పిల్ల మెట్ల మీద పడిపోయేదీ అప్పుడే. హిమోగ్లోబిన్ 12.5 గ్రాములు లేదని వెనక్కి పంపిన అమ్మాయికి ఐరన్ పరీక్ష చేయించుకోమని చెప్పేవాళ్లుండరు. ఆమె గంటలు మాత్రం కోత పడతాయి. రోగికి కీడు జరగకుండా నిజం చెప్పి వెనుదిరిగినవాళ్లకూ ఇదే శిక్ష. అబద్ధమాడి ఇచ్చినవాడికి సంతకం.

మొక్కల సంగతీ అంతే. అరమీటరు గొయ్యి కావలసిన చోట జానెడు తవ్వి, వేర్లు చుట్టుకుపోయిన మట్టిగడ్డను ప్లాస్టిక్ సంచీతో సహా అందులో పెట్టి, కాండం మొదలు మునిగేలా మట్టి కప్పి, పైన కరెంటు తీగ ఉందో లేదో కూడా చూడకుండా ఫొటో దిగుతారు. మొక్కకు గండం నాటిన రోజున ఉండదు, తొలి రెండు వేసవుల్లో ఉంటుంది. సంతకం మాత్రం నాటిన సాయంత్రమే. రెండో వేసవి దాటి బతికిన మొక్కకే గంటలు రాస్తామని ఒక్క ఏడాది ప్రకటించి చూడండి, ఎన్ని గోతులు తవ్వుతారో తెలుస్తుంది.

వరద సాయమంటూ పంపే పాత బట్టల మూటల గురించి, గడువు తీరబోయే మందుల గురించి ఇక్కడ ఎక్కువ చెప్పనక్కర్లేదు. విప్పి వేరుచేసేవాళ్లు దొరక్క, దారికి అడ్డంగా పడి ఉండే ఆ మూటలను ఏ విపత్తులోనైనా చూస్తాం. అనాథాశ్రమంలో ముఖాలు కనిపించేలా తీసే ఫొటోల గురించి మాత్రం ఒక మాట. ఆ పిల్లల్ని అనుమతి అడిగేవాళ్లు లేరు. వాళ్లూ మైనర్లే. జాతీయ సేవా పథకం నినాదం ‘నేను కాదు, నువ్వు’. ఫొటోలో మధ్యన నిలబడేది ఎవరో చూడండి.

యువతను నిందించడం మా ఉద్దేశం కాదు. 2010 జనవరిలో హైతీ భూకంపం వచ్చినప్పుడు, ప్రపంచం నలుమూలల నుంచి ఔత్సాహికులు ఉపగ్రహ చిత్రాలు చూసి, ఎవరైనా గీయగల ఇంటర్నెట్ పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో వీధివీధీ గీసిపెట్టారు. సహాయక బృందాలు ఆ పటాలు పట్టుకునే తిరిగాయి. చూపులేని విద్యార్థి చెబుతుంటే పరీక్ష రాసిపెట్టే స్క్రైబ్‌గా వెళ్లే పిల్లలూ ఉన్నారు. ఆ పని అక్షరాలు వస్తే వచ్చేది కాదు. సమీకరణాన్ని ఎక్కడ ఆపి చదవాలి, పటాన్ని మాటల్లో ఎలా చెప్పాలి అన్నది ఇద్దరూ కలిసి ముందే సాధన చేయాలి. పరీక్షలో సొంత తెలివి కలపకుండా, చెప్పింది చెప్పినట్టే రాయాలి. వారానికి రెండు గంటలు, ఇరవై వారాలు చేస్తే ఒంటారియో అడిగే 40 గంటలు నిఖార్సుగా తేలతాయి. అలాంటి పిల్లల ధ్రువపత్రమూ, ఖాళీ కాగితం నింపుకొన్న వాడి ధ్రువపత్రమూ ఒకే ముద్రతో ఒకే దస్త్రంలో చేరుతున్నాయి. ఈ అన్యాయానికి బాధ్యులు పిల్లలు కారు.

సంతకం పని జరిగిన చోట ఉన్న మనిషి పెట్టాలి, కళాశాల గదిలో కూర్చున్నవాళ్లు కాదు. వచ్చిన వేళ, వెళ్లిన వేళ, చేసిన పని అదే రోజు, అక్కడే రాయాలి. రక్తదానానికి గంటల జమ పూర్తిగా ఎత్తేయాలి. వీటికి కమిటీలు, నివేదికలు అక్కర్లేదు.

విద్యా సంవత్సరం చివర ఆ కట్ట మళ్లీ మీ బల్ల మీదికి వస్తుంది. అయ్యా, ఈసారి కలం తీసే ముందు ఆ కుర్రాణ్ని పిలిచి ఒక్క మాట అడగండి: నువ్వు రాని రోజున అక్కడ ఏ పని ఆగింది? అతను నీళ్లు నమిలితే ఆ కాగితం వెనక్కి ఇచ్చేయండి. తల్లిదండ్రులు వచ్చి గొడవ చేస్తే, వాళ్లనూ అదే అడగండి.