98 చూసిన పిల్ల 100 అని ఎందుకు రాస్తోంది?

పద్దెనిమిదేళ్ళుగా ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు సైన్సు చెబుతున్నాను. మొన్న నేను చేసిన ఒక తప్పు గురించి తోటి ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను.

దిద్దిన నోట్సులు తిరిగి ఇచ్చేస్తూ, ఏడో తరగతి అమ్మాయి నోట్సులో ఒక పేజీ దగ్గర ఆగిపోయాను. ఆమ్లాలు, క్షారాల పాఠం. లిట్మస్ కాగితాలు చాలకపోతే, ఇంట్లో పసుపు రాసిన కాగితంతో చేసి చూడమని నేనే చెప్పాను. ఆ కాగితం ముక్కను పేజీకి అంటించింది. దాని మీద ఎర్రటి మచ్చ, ఆ మచ్చ నడుమ మళ్ళీ పసుపు. సబ్బునీళ్ళు వేస్తే ఎర్రబడిందని, ఆ ఎర్ర మచ్చ మీదే నిమ్మరసం పిండితే తిరిగి పసుపు రంగు వచ్చిందని రాసింది. కింద ఇంకో వాక్యం: "మా పిన్ని పెళ్ళిలో పారాణి కూడా పసుపులో సున్నం కలిపితేనే ఎర్రగా అయింది."

దాని మీద ఎర్ర పెన్నుతో అడ్డగీత. 5కి 2. ఆ గీత నాదే.

మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించడానికి గడువు ముగుస్తున్న రోజు, యాభైకి పైగా నోట్సులు ఒక్క పూటలో దిద్దాను. "ఆమ్లంలో పసుపు రంగు మారదు" అన్న గైడు వాక్యం కోసం నా కళ్ళు వెతికాయి. కనబడలేదు, కొట్టేశాను. నిజానికి ఆ వాక్యమూ తప్పు కాదు. పసుపు కాగితం మీద నేరుగా నిమ్మరసం వేస్తే రంగు మారదు. ఆ అమ్మాయి అక్కడ ఆగలేదు. క్షారంతో ఎర్రబడిన కాగితాన్ని ఆమ్లంతో వెనక్కి తెచ్చింది, దాన్ని పెళ్ళింట్లో చూసిన పారాణితో కలిపి ఆలోచించింది. అదే రోజు గైడులోని జవాబును పొల్లుపోకుండా దించిన పిల్లలకు 5కి 5 వేశాను. వాళ్ళ నోట్సుల్లో పసుపు మరక ఒక్కటీ లేదు.

మర్నాడు మార్కులు సరిచేసి, తప్పు నాదని తరగతిలో అందరి ముందూ చెప్పాను. అంతటితో నా మనసు కుదుటపడలేదు. ఇన్నేళ్ళలో ఇలాంటి పేజీలు ఎన్ని కొట్టేశానో!

మరిగే నీళ్ళ సంగతి చూడండి. మా ఊరు రంగారెడ్డి జిల్లాలో ఉంది, సముద్ర మట్టానికి 500 మీటర్ల పైచిలుకు ఎత్తు. ఇంత ఎత్తులో గాలి పీడనం కొంత తక్కువ కాబట్టి నీళ్ళు 98 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతాయి. పిల్లలు బీకరు చుట్టూ చేరి థర్మామీటరు కేసి చూస్తారు. 98 దగ్గర పాదరసం నిలబడిపోతుంది. పట్టికలో మాత్రం అందరూ 100 అని రాస్తారు. ఎందుకమ్మా అంటే "పుస్తకంలో 100 ఉంది కదా సార్" అంటారు. పన్నెండేళ్ళ పిల్ల తన కళ్ళను తాను నమ్మడం మానేసింది. అలా మానేస్తేనే మార్కులు వస్తాయని మనమే అలవాటు చేశాం. 98 ఎందుకు వచ్చిందని ఒక్కరు అడిగినా, వాతావరణ పీడనం పాఠం అక్కడే మొదలయ్యేది.

నిబంధనల్లో ఏ లోటూ లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 29వ సెక్షను, పిల్లల అవగాహనను, నేర్చుకున్నదాన్ని వాడుకునే శక్తిని నిరంతరం, సమగ్రంగా మూల్యాంకనం చేయమంటోంది. ఏడాది మధ్యలో బడిలోనే వేసే ఫార్మేటివ్ 20 మార్కుల్లో పిల్లల భాగస్వామ్యం, రాత అంశాలు, ప్రాజెక్టు పనులు, లఘు పరీక్ష, తలా 5. జవాబు సొంత మాటల్లో ఉండాలనే మనకు శిక్షణలో చెప్పారు. ఆచరణలో ప్రాజెక్టు అంటే దుకాణంలో కొన్న థర్మాకోల్ అగ్నిపర్వతం. కొనగలిగిన ఇంటికి 5, మట్టితో చేసుకొచ్చిన పిల్లవాడికి 3.

నన్ను ఇంతకంటే బాధపెట్టే విషయం ఇంకొకటి ఉంది. అట్ట వేయలేదని 1 మార్కు, మార్జిన్ గీయలేదని అర, ఆలస్యంగా తెచ్చాడని 2 మార్కులు కోయడం. పత్తి ఏరే రోజుల్లో వారం బడికి రాని పిల్లవాడు నోట్సు ఆలస్యంగా తెచ్చాడు. కిరణజన్య సంయోగక్రియ గురించి అడిగితే తడుముకోకుండా చెప్పాడు, ఆకుకు నల్ల కాగితం ఎందుకు చుట్టామో కూడా చెప్పాడు. వాడికి మార్కు తగ్గిస్తే, అర్థమైన పాఠం అర్థం కాలేదని రిజిస్టరులో అబద్ధం రాసినట్టే. ఆలస్యం తప్పే. మందలించాలి, ఇంటికి కబురు చేయాలి, పనికి పంపవద్దని తండ్రికి నచ్చజెప్పాలి. ఆ కోపం సైన్సు మార్కు మీద తీర్చుకోకూడదు.

మార్కులు ఉదారంగా పంచమని నేను అనడం లేదు. ప్రమాణాలు (యూనిట్లు) లేకుండా కొలత రాస్తే తగ్గిస్తాను. ప్రయోగం చేయకుండా చేసినట్టు రాస్తే ఆ అంశానికి సున్నా వేస్తాను, అందులో మొహమాటం లేదు. ఇన్ని నోట్సులు అలా చదవడానికి తీరిక ఎక్కడిదని తోటివాళ్ళు అడుగుతున్నారు, న్యాయమైన ప్రశ్నే. నేను పది ప్రశ్నలకు జవాబులు రాయించడం మానేసి, పాఠానికి మూడు రాయిస్తున్నాను. మూడూ పూర్తిగా చదువుతున్నాను.

మార్కు దేనికి వేస్తానో, దేనికి తగ్గిస్తానో ఒక పేజీలో రాసి తరగతి గోడకు అంటించాను. రేపు శనివారం తల్లిదండ్రుల సమావేశంలో చదివి వినిపిస్తాను. సైన్సు చెప్పేవాళ్ళు ఎవరికైనా ఆ పేజీ కావాలంటే అడగండి, పంపుతాను. అందులో తప్పులుంటే దయచేసి చెప్పండి, దిద్దుకుంటాను.