సవరణ: లిస్టర్ ఇంజిన్‌లో సీసపు తీగ పెట్టే పద్ధతి

మా తాతగారి పాత లిస్టర్ సీఎస్ 6/1 ఆయిల్ ఇంజిన్ విప్పి బిగించడం గురించి పోయిన వారం రాసిన పోస్టులో ఒక పెద్ద తప్పు దొర్లింది. పిస్టన్‌కీ హెడ్‌కీ (సిలిండర్ పై మూత) మధ్య ఖాళీ కొలవడానికి పిస్టన్ మీద ఒక అంచున సీసపు తీగ ముక్క పెట్టి, హెడ్ బిగించి, ఫ్లైవీల్ తిప్పమన్నాను. అలా చేయకండి.

తీగ ఒక పక్కనే ఉంటే పిస్టన్ ఆ వైపు కిందికి ఒరుగుతుంది. తీగ సరిగ్గా నలగక మందంగానే మిగులుతుంది, ఉన్నదానికంటే ఎక్కువ ఖాళీ చూపిస్తుంది. నేను ఆ లెక్క నమ్మి, ఖాళీ తగ్గించడానికి సిలిండర్ కింద నుంచి ఒక షిమ్ (పల్చటి లోహపు రేకు) తీసేశాను. తర్వాత చేత్తో తిప్పితే పిస్టన్ పైకొచ్చినప్పుడల్లా టక్కుమని చప్పుడు. హెడ్ విప్పి చూస్తే పిస్టన్ నెత్తిన మసి చెదిరి, గోరంత మెరుపు మచ్చ! అంటే పిస్టన్ హెడ్‌కి తగులుతోందన్నమాట. అదే స్టార్ట్ చేసి ఉంటే ఏమయ్యేదో.

గడ్జన్ పిన్ (పిస్టన్‌ని కనెక్టింగ్ రాడ్‌కి కలిపే పిన్) ఏ వరసలో ఉందో ఆ గీత మీదే, రెండు చివర్లా రెండు ముక్కలు గ్రీజుతో అంటించాలి. రెండూ ఒకే మందానికి నలిగితేనే ఆ కొలత నమ్మండి. షిమ్ మళ్లీ వేశాను, చప్పుడు పోయింది.

ఇంకొకటి. ఆ పోస్టులోనే ఇంజిన్ వేగం 1500 అని పడింది, అది నిమిషానికి 650 చుట్లు.

నా పోస్టు చూసి ఎవరైనా ఇప్పటికే షిమ్ తీసేసి ఉంటే దయచేసి స్టార్ట్ చేయకండి. ముందు ఇంజెక్టర్ (ఆయిల్ చిమ్మే భాగం) విప్పి, ఫ్లైవీల్‌ను చేత్తో నెమ్మదిగా రెండు చుట్లు తిప్పి, ఎక్కడైనా తగులుతోందేమో చూడండి.