మీటర్లో 160, టైర్లో సున్నా

నిలబడి రెండు చేతులతో కొట్టే గాలి పంపు కోసం హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కల ఏ సైకిల్ దుకాణానికి పోయినా ముందు కనిపించేది పంపు కాదు, దాని మీద అంటించిన ఎర్ర స్టిక్కరు: 160 పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లని గాలి ఒత్తిడి లెక్క). పక్కనున్న దాని మీద 120 అని ఉంటుంది కనుక అది పేదల పంపు. కొనవచ్చిన పెద్దమనిషి అడిగే ప్రశ్న ఒక్కటే. "సేటూ, ఇది ఎంత దాకా కొడ్తది?" "నూట అరవై, సార్." బేరం అయిపోయింది. పంపును భుజాన వేసుకుని గదాధారియై ఇంటికి బయలుదేరుతాడు. ఇంట్లో ఉన్నది కొడుకు తొక్కే 20 అంగుళాల సైకిలు. దాని టైరు పక్కన రబ్బరులో అచ్చుపోసిన అంకె 40. మిగిలిన 120 పీఎస్ఐని ఆ కుటుంబం ఏం చేసుకుంటుందో తెలియదు. ఫిక్స్‌డ్ డిపాజిట్ చేస్తారు కావచ్చు.

విషయం గంభీరమైనది కనుక గంభీరంగానే మాట్లాడుకుందాం. ఆ 160 అనేది పంపు బలం కాదు, మీటరు మీద అచ్చయిన చివరి అంకె. ముల్లు అక్కడిదాకా పోగలదని చెబుతుందే తప్ప మీ చేతులు పోగలవని చెప్పదు. చేతుల సంగతి తేలాలంటే చూడాల్సింది హ్యాండిల్ కడ్డీ దిగే గొట్టం లావు. లోపలి అడ్డుకొలత 50 మిల్లీమీటర్లు ఉన్న పంపులో 60 పీఎస్ఐ దగ్గర హ్యాండిల్ కిందికి దిగాలంటే 83 కిలోల బరువు మోపాలి. గొట్టం 30 మిల్లీమీటర్లదైతే అదే 60కి 30 కిలోలు చాలు, 100 దగ్గర కూడా 50 కిలోలతో పని జరిగిపోతుంది. ఒత్తిడిని గొట్టం వైశాల్యంతో గుణిస్తే వచ్చేదే మీరు మోపాల్సిన బరువు. అడ్డుకొలత రెట్టింపైతే బరువు నాలుగింతలవుతుంది. ఎనిమిదో తరగతి లెక్క. లావు గొట్టం పంపు మీద 160 స్టిక్కరు చూసి మురిసిపోయిన 55 కిలోల పెద్దమనిషి, రెండు కాళ్ళూ గాల్లోకి లేపి హ్యాండిల్ మీద వేలాడినా, 40 దగ్గర వేలాడుతూనే ఉంటాడు.

లావు గొట్టం చెడ్డదని కాదు. గేర్ల సైకిలుకుండే 26 అంగుళాల లావు టైరులో నాలుగు లీటర్ల చోటు ఉంటుంది, ఒత్తిడి మాత్రం 30, 40 చాలు. అక్కడ లావు గొట్టం పని తొందరగా తెముల్చుతుంది. రేసు సైకిలు సన్న టైరులో ఉండేది లీటరు చోటే, కానీ 80 నుంచి 100 దాకా ఎక్కించాలి. దానికి సన్న గొట్టం. ఇంట్లో రెండు రకాలూ ఉంటే 32 మిల్లీమీటర్ల దగ్గర రాజీ పడండి. ఈ కొలత ఏ స్టిక్కరు మీదా ఉండదు. జేబులో స్కేలు పెట్టుకుపోయి బయట కొలిచి, గొట్టం మందానికి రెండు మూడు మిల్లీమీటర్లు తీసేయాలి. సేటు వింతగా చూస్తాడు. చూడనీ.

మీటరు పెద్దదైతే నష్టమేంటని అడగొచ్చు. 160 దాకా గీతలున్న మీటరులో పిల్లల సైకిలుకు కావాల్సిన 35 మొదటి పావు భాగంలో ఎక్కడో ఇరుక్కుని ఉంటుంది. ముల్లు 5 అటూ ఇటూ చూపితే 100 దగ్గర ఎవరికీ పట్టదు, 35 దగ్గర అది ఏడో వంతు తప్పు. పైగా మీటరును పాదాల దగ్గర బిగిస్తారు, నలభై దాటిన కళ్ళు మోకాళ్ళ మీద కూర్చుంటే గాని అది చదవలేవు. పైన, హ్యాండిల్ కిందనే మీటరున్న పంపులూ ఉన్నాయి. వాటి జోలికి ఎవరూ పోరు, స్టిక్కరు అంకె చిన్నదట.

ఈ అంకెల భక్తిని కళ్ళారా దర్శించాలంటే ఆదివారం పొద్దున వడ్డేపల్లి చెరువు కట్ట మీదికి పోవాలి. తలకు హెల్మెట్లు, నల్ల కళ్ళద్దాలు, వంటికి అతుక్కుపోయిన రంగురంగుల బనీన్లు. ఒక్కో సైకిలు ఖరీదుకు ఒక పాడి బర్రె వస్తుంది. అందులో ఒకరి వెనక టైరు గాలి దిగింది. వెంటనే కారు డిక్కీలోంచి 160 పంపు దిగుతుంది. పంపు కొట్టడానికి ఒకరు, సైకిలు పట్టుకోవడానికి ఒకరు, వంగి మీటరు చదవడానికి ఒకరు, సలహాకు ఇద్దరు, వీడియోకు ఒకరు.

ఆ సైకిలుకున్నది సన్న వాల్వు, ప్రెస్టా అంటారు. దాని కొసన చిన్న నట్టు ఉంటుంది. దాన్ని వేళ్ళతో పైదాకా వదులు చేసి, ఒక్కసారి నొక్కి 'చుస్' మనిపించి, అప్పుడు పంపు తగిలించాలి. నట్టు బిగించే ఉంటే లోపలికి గాలి పోదు. ఈ సంగతి ఆరుగురిలో ఒక్కరికీ తెలియదు. తెలియకపోతేనేం, మీటరుంది కదా.

మొదటి దెబ్బ అడుగంటేలోపే హ్యాండిల్ బిగుసుకుంటుంది, ముల్లు 100కి ఎగురుతుంది. "అబ్బ, ఏం పంపన్నా!" కొట్టేవాయన ఛాతీ ఆనించి ఇంకాస్త బరువు వేస్తాడు. "నూట ఇరవై! ఆపన్నా, పేలుతది!" నిజానికి లీటరు చోటున్న ఖాళీ టైరుకు 30 మిల్లీమీటర్ల గొట్టంతో 90 ఎక్కించాలంటే ఇరవై దెబ్బల దాకా పడతాయి. ఒక్క దెబ్బకే ఎక్కిందంటే గాలి టైరులోకి పోలేదు, పైపులోనే కూర్చుంది. అయినా ఒక్క దెబ్బకు 120 కొట్టిన వీరుణ్ణి వీడియో ఆయన దగ్గర్నుంచి తీస్తాడు. మొదటి సలహాదారుకు ఎండ గుర్తొస్తుంది, మధ్యాహ్నానికి పగిలిపోతుందేమో, ఓ 10 తగ్గించమంటాడు. (ఎండకు టైరులో గాలి 20 డిగ్రీలు వేడెక్కినా 50 పీఎస్ఐ కాస్తా 54 అవుతుంది, అంతే. రామగుండం మే నెలలో పేలే టైర్లు పగుళ్ళు పట్టినవి, లేదా అంచు కింద ట్యూబు ఇరికినవి.) రెండో సలహాదారు ససేమిరా అంటాడు, ఫారిన్‌లో అందరూ 120 మీదే తొక్కుతారట. నైట్రోజన్ ప్రస్తావన వస్తుంది. చాయ్ వస్తుంది. ఇంతసేపూ టైరును ఎవరూ ముట్టుకోరు. ముట్టుకుని చూడడం చదువురానివాళ్ళ పద్ధతి. చివరికి, కొట్టిన గాలి తగ్గిపోతుందన్న భయంతో పైపు ఊడదీయకుండానే, సైకిలు ఆయన సీటెక్కుతాడు. రిమ్ము నేలకు తగిలి 'టక్' మంటుంది. అందరూ మీటరు చూస్తారు. మీటరు ఇంకా 120 మీదే ఉంది. తప్పు టైరుదేనని ఏకగ్రీవంగా తీర్మానించి, కొత్త ట్యూబుకు ఆన్‌లైన్‌లో ఆర్డరు పెడతారు.

ఇదంతా నవ్వుకునే భాగం.

అదే కట్ట పక్క రోడ్డు మీద పాల క్యాన్లు కట్టుకున్న సైకిలొకటి పోతుంటుంది. టైరు 28 ఒకటిన్నర, వాల్వు సాదాది, డన్‌లప్. దాని లోపలి పుల్లకు తొడిగిన సన్న రబ్బరు గొట్టమే వాల్‌ట్యూబు. పంపు గాలి దాన్ని ఉబ్బించి లోపలికి పోతుంది, లోపలి గాలి దాన్ని నొక్కి దారి మూస్తుంది. టైరులోని ఒత్తిడి వెనక్కి మీటరు దాకా రానే రాదు. కొట్టేటప్పుడు ముల్లు చూపేది టైరు ఒత్తిడికి ఆ రబ్బరును లేపడానికి పట్టిన ఒత్తిడిని కలిపిన అంకె. అంటే ఈ వాల్వుకు మీటరు శుద్ధ దండగ. బొటనవేలితో టైరు పక్కలు నొక్కితే కాస్త లొంగాలి, మనిషి ఎక్కి కూర్చుంటే అడుగున కొద్దిగానే వెడల్పవ్వాలి, సరిపోయినట్టే. వాల్‌ట్యూబు ఎండకు జిగటై అతుక్కుపోతే కొత్తది అంగుళం ముక్క కత్తిరించి, నోట్లో తడిచేసి పుల్లకు తొడిగితే అయిపోయింది.

ఇప్పుడు ఆ 160 పంపు నాజిల్ చూడండి. నోళ్ళు రెండు: ఒకటి మోటారుసైకిలు మాదిరి లావు వాల్వుకు, రెండోది సన్న వాల్వుకు. సన్న వాల్వు నోరు సాదా వాల్వుకు కొన్ని పంపుల్లో పట్టుతుంది, కొన్నింట్లో 'తుస్' మని జారిపోతుంది. పట్టుకోవాలంటే ఒక చిన్న క్లిప్పు కావాలి, లేదా ఒక ఇత్తడి ముక్క. డబ్బా మీద మాత్రం 'అన్ని వాల్వులకూ' అని రాసి ఉంటుంది. డబ్బా విప్పితే చిన్న కవరు. అందులో ఫుట్‌బాల్‌కు సూది ఇచ్చిండ్రు. గాలి పరుపుకు ప్లాస్టిక్ ముక్కు ఇచ్చిండ్రు. సాదా వాల్వుకు క్లిప్పు ఇయ్యలే!

గాలి పరుపు! ఈ వరంగల్‌ల గాలి పరుపు ఉబ్బించుకొని పండేటోళ్ళు ఎంతమంది ఉన్నరు? ఎనుమాముల మార్కెట్‌కు పొద్దుగాల్ల హమాలీ పనికి పోయేటోడు, వాకిట్ల పేపరేసే పోరగాడు, గోదావరిఖనిల టిఫిన్ డబ్బా తగిలించుకొని డ్యూటీకి పోయేటోడు, వీళ్ళు ఏ లెక్కల లేరా? సైకిలు మీద తిరిగేది మీ రంగు బనీన్లా, సైకిలు మీద బతికేది వీళ్ళా? గాలి తక్కువ టైరు మీద బస్తా బరువు పడితే గుంతల రిమ్ముకు ట్యూబు నలిగి పక్కపక్కన రెండు చీలికలు పడ్తయి. ఆ పంక్చరుకు పోయేది పొద్దటి కూలిల నుంచే. పెట్రోలు బంకుల గాలి ఫ్రీగ కొట్టాలని ఆయిల్ కంపెనీల రూలే ఉన్నది. సైకిలు తోలుకొని పోయి చూడుండ్రి, మిషన్ ఖరాబైంది అంటరు. వెనకొచ్చిన కారుకు మాత్రం బాగైతది!

ఇంకోటి. పాత ఇనుప పంపు పై మూత మర తిప్పితే ఊడొస్తుండె. కడ్డీ బయటికి తీస్తే కొసకు గిన్నె ఆకారంల తోలు వాషరు. ఎండకాలం తోలు ఎండిపోయి హ్యాండిల్ ఉత్తగనే దిగుతుంటే రెండు చుక్కలు కుట్టుమిషన్ నూనె పోసి, గిన్నె మూతి కింది దిక్కే ఉండేటట్టు మళ్ళీ తోసి బిగిస్తే పంపు బతుకుతుండె. మూతి తలకిందులైతే ఎంత కొట్టినా గాలి రాదు, గదే రహస్యం. ఇప్పటి మెరుపు పంపుల వాషరు రబ్బరుది. దానికి సిలికాన్ గ్రీజు పెట్టాలె, కిరసనాయిలు తగిలితే ఉబ్బిపోతది. సరే, పెడ్తం. ఎట్ల పెడ్తం? మూత మర లేదు, అతికించిండ్రు! రిపేరుకు తెస్తే, "అది ఇప్పుడు రాదు సార్, కొత్తది తీస్కోండి." ఒక వాషరు ముక్క అరిగినందుకు కిలోన్నర స్టీలు, మీటరు, పైపు, అన్నీ చెత్తలకు. దీన్ని పంపు అనరు, దోపిడీ అంటరు.

సరే, శాంతం. దుకాణంలో చూడాల్సినవి మరికొన్ని మిగిలాయి.

పైపు మీటరు పొడవుకు తగ్గకూడదు. పొట్టి పైపు అందక వాల్వును పక్కకు లాగితే ట్యూబు వాల్వు మొదట్లో చిరుగుతుంది, అక్కడ ప్యాచ్ నిలవదు, ట్యూబే మార్చాలి. అడుగు ఇనుపదై, రెండు పాదాలూ పట్టేంత వెడల్పుండాలి. ప్లాస్టిక్ అడుగు 60 దాటితే ఊగుతుంది. నాజిల్‌కు మీట ఉంటే తేలికే, కానీ విసురుగా లాగితే సన్న వాల్వు పుల్ల వంగుతుంది. మరతో బిగించే నాజిల్ అయితే విప్పేటప్పుడు కొన్నిసార్లు వాల్వు లోపలి ముక్కను కూడా వెంట తెస్తుంది. జేబులో పట్టే బ్యాటరీ పంపుల గురించి అడగకండి, చార్జింగు అయిపోయిన చోట దొరికేది మళ్ళీ పంక్చర్ దుకాణం పంపే.

కొనే ముందు సైకిలును దుకాణానికి తోలుకుపోండి, గాలి దిగినదైతే మరీ మంచిది. మీ వాల్వుకే పంపు తగిలించి టైరు గట్టిపడేదాకా కొట్టి, చేతులు తీసి, ఐదు నిమిషాలు చూడండి. హ్యాండిల్ దానంతట అదే పైకి లేస్తుంటే పంపు అడుగునున్న వాల్వు గాలిని వెనక్కి వదులుతున్నట్టు. లేవకుండానే ముల్లు దిగుతుంటే నాజిల్ రబ్బరు పట్టలేదు. రెండూ బాగుంటే పై మూత చేత్తో తిప్పి చూడండి, తిరగాలి. వాషరు విడిగా దొరుకుతుందా అని అడగండి. దొరకదంటే పంపును ఎక్కడిదక్కడ పెట్టేసి రండి. సేటు ఏదో గొణుగుతాడు, పట్టించుకోవద్దు. టైరులో గాలి అయితే పడింది, అదీ ఫ్రీగా.