డెన్మార్క్ గెలవలేదు, కెనడా ఓడింది

2025 మే 22న కెనడాలోని విన్నిపెగ్ నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. గొంతు పూడుకుపోయి ఉంది. "అయిపోయింది మామయ్యా" అన్నాడు. నా కాళ్ళూ చేతులూ చల్లబడ్డాయి. ఉద్యోగం పోయిందా, వీసా తిరగ్గొట్టారా, కొంపదీసి అక్కడే ఎవరినైనా పెళ్ళి చేసుకున్నాడా అని ఒక్క క్షణంలో మూడు రకాలుగా కంగారుపడ్డాను. "మేం ఓడిపోయాం" అన్నాడు. మేం అంటే ఎవర్రా అన్నాను. "కెనడా, ఐస్ హాకీలో." ఎవరి చేతిలో అన్నాను. కాసేపు ఆగి, "ఎవరి చేతిలో ఏంటి మామయ్యా, డెన్మార్క్‌తో ఆడుతూ ఓడిపోయాం" అన్నాడు.

ఈ వాక్యాన్ని మళ్ళీ చదవండి. మా తెలుగు మాస్టారు సకర్మక క్రియ, అకర్మక క్రియ అని రెండు రకాలు చెప్పేవారు. "ఓడించు" సకర్మకం. దానికి ఓడించేవాడొకడు, ఓడేవాడొకడు ఉండాలి. "ఓడిపోవు"కు ఆ బాధ లేదు. జుట్టు రాలినట్టు, పాలు విరిగినట్టు దానంతట అదే జరిగిపోతుంది. పెద్ద జట్టు అభిమాని ఏ దేశంలో ఉన్నా, ఏ భాష మాట్లాడినా, ఓటమి పూట అకర్మక క్రియే వాడతాడు. దీన్ని ఎగతాళి చేసేవాళ్ళున్నారు. ఈ వ్యాసకర్త మాత్రం అభిమానుల పక్షం. గెలిచినవాడి ఊసెత్తకపోవడం సభ్యసమాజానికి ఎంత అవసరమో సాక్ష్యాలతో సహా నిరూపించడానికే ఈ వ్యాసం.

తెలియనివాళ్ళ కోసం ఆట సంగతి రెండు ముక్కలు. మనకు ఐసు చెరుకురసం బండి దగ్గరా, చేపల మార్కెట్లోనూ కనిపిస్తుంది. కెనడావాళ్ళు దాని మీద నిలబడి, అటు ఆరుగురు ఇటు ఆరుగురు, కర్రలు పట్టుకుని పక్ అనే నల్ల రబ్బరు బిళ్ళ కోసం కొట్టుకుంటారు. గోల్ కాసేవాణ్ణి గోలీ అంటారు. మన గోలీకాయకూ అతనికీ చుట్టరికం లేదు, ఇద్దరూ దెబ్బలు తినడానికే పుట్టారన్న పోలిక తప్ప. ఈ ఆటలో కెనడా 28 సార్లు ప్రపంచ చాంపియన్. డెన్మార్క్ జనాభా మొత్తం సుమారు 60 లక్షలు, అంటే హైదరాబాద్ కన్నా తక్కువ. 1949లో స్టాక్‌హోమ్‌లో ఈ రెండు జట్లూ ఆడితే కెనడా 47-0తో నెగ్గింది. అరవై నిమిషాల ఆటలో 47 గోల్స్ అంటే 77 సెకన్లకు ఒకటి. పైగా ఆ పని చేసింది కెనడా మేటి వీరులు కూడా కాదు, సడ్‌బరీ ఊరి అమెచ్యూర్ క్లబ్బు. ఆ రోజు కెనడాలో ఎవరైనా "డెన్మార్క్‌తో ఆడుతూ గెలిచిపోయాం" అని ఉంటారని నేననుకోను.

ఇక ఈ మే 22 ఆట డెన్మార్క్‌లోనే, హెర్నింగ్ అనే చిన్న పట్నంలో. ప్రపంచ చాంపియన్‌షిప్ క్వార్టర్ ఫైనల్. కెనడా వైపు సిడ్నీ క్రాస్బీ, నేథన్ మెకిన్నన్ వంటి హేమాహేమీలు. మూడోదీ ఆఖరిదీ అయిన పీరియడ్‌లో కెనడా ఒక గోల్ కొట్టింది. ఇంకో రెండు నిమిషాల 17 సెకన్లే మిగిలి ఉండగా నికొలాయ్ ఏలర్స్ స్కోరు సమం చేశాడు. 49 సెకన్లు మిగిలి ఉండగా నిక్ ఓలెసెన్ ఇంకోటి కొట్టాడు. 2-1. డెన్మార్క్ గోలీ ఫ్రెడరిక్ డికో నలభై దాకా షాట్లు ఆపాడు. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో డెన్మార్క్ సెమీఫైనల్ గడప తొక్కడం అదే మొదటిసారి.

చూశారా, పొరపాటున గెలిచినవాళ్ళ పేర్లు మూడు రాసేశాను. క్షమించాలి. ఇలాంటివి బయటికి పొక్కితే అభిమానుల ఆరోగ్యం ఏం కావాలి?

మావాడి కేసు ఇంకా విషమం. ఆ ఏలర్స్ ఉన్నాడే, అతను అప్పట్లో ఆడుతున్నది విన్నిపెగ్ జెట్స్‌కి. అంటే మావాడి సొంత ఊరి జట్టు. వాడి పుట్టినరోజుకి వాడే కొనుక్కున్న జెర్సీ వెనక 27 నంబరు, పైన ఏలర్స్ అని పేరు. ఐదు రోజుల ముందే విన్నిపెగ్ జట్టు డల్లాస్ చేతిలో ఓడి ఎన్‌హెచ్‌ఎల్ అనే ఉత్తర అమెరికా క్లబ్బుల లీగ్ ప్లేఆఫ్స్ నుంచి ఇంటికి పోయింది. సీజన్ మొత్తం మీద అందరికన్నా ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్న జట్టు అది. అక్కడ పని లేకుండా పోయింది కాబట్టే ఏలర్స్ మాతృదేశానికి విమానం ఎక్కాడు. జెట్స్ గెలిచి ఉంటే ఏలర్స్ కెనడాలోనే ఉండేవాడు, కెనడా నెగ్గేది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, ఇక్కడ గోరుచుట్టూ ఏలర్స్‌దే, రోకలీ ఏలర్స్‌దే. మావాడు ఆ జెర్సీని ఉతకడానికి వేశాడట. ఎన్నిసార్లు ఉతికినా పేరు పోవడం లేదట.

కారణాలు మాత్రం మావాడు బాగానే చెప్పాడు. అసలైన ఆటగాళ్ళు రాలేదు, కానర్ మెక్‌డేవిడ్ అదే వారం ఎడ్మంటన్ క్లబ్బు తరఫున ప్లేఆఫ్స్ ఆడుతున్నాడు, ఇది రెండో రకం జట్టు. ఈ మాట అబద్ధం కాదు. ప్రపంచ చాంపియన్‌షిప్ ఏటా సరిగ్గా ఎన్‌హెచ్‌ఎల్ ప్లేఆఫ్స్ సమయానికే పెడతారు, కాబట్టి ఇరుక్కున్న మొనగాళ్ళు రారు. అయితే నాకో చిన్న అనుమానం వచ్చింది. 2023లో కెనడా ఇదే టోర్నీ నెగ్గింది, అప్పుడూ మెక్‌డేవిడ్ లేడు. "అప్పుడు ఎవరూ ఇది రెండో రకం కప్పు అనలేదేంరా?" అని అడిగాను. "లైన్ సరిగ్గా లేదు మామయ్యా" అన్నాడు.

మూడు నెలల ముందు లైన్ బ్రహ్మాండంగా ఉంది. ఫిబ్రవరి 20న బోస్టన్‌లో ఫోర్ నేషన్స్ అనే నాలుగు దేశాల టోర్నీ ఫైనల్, కెనడాకూ అమెరికాకూ మధ్య. అమెరికా అధ్యక్షుడు కెనడాను 51వ రాష్ట్రం చేసుకుంటానని అంటున్న రోజులు. అంతకు ఐదు రోజుల ముందు మాంట్రియల్‌లో ఈ రెండు జట్లూ తలపడితే ఆట మొదలైన తొమ్మిది సెకన్లలో మూడు ముష్టియుద్ధాలు జరిగాయి. ఫైనల్లో మెక్‌డేవిడ్ అదనపు సమయంలో గోల్ కొట్టి 3-2తో గెలిపించాడు. మా దేశాన్నీ తీసుకోలేరు, మా ఆటనీ తీసుకోలేరు అని ప్రధాని ట్రూడో సోషల్ మీడియాలో పెట్టారు. ఆ రోజు మావాడు ఫోన్‌లో అరిచిన మొదటి మాట "అమెరికాను ఓడించాం!" కర్త, కర్మ, క్రియ అన్నీ ఉన్న పరిపూర్ణ వాక్యం. మా మాస్టారు వింటే పదికి పది వేసేవారు.

డెన్మార్క్‌ని తిట్టుకుందామన్నా కెనడా అభిమానికి వీలు చిక్కలేదు పాపం. ఎందుకంటే అదే అధ్యక్షుడు డెన్మార్క్ చేతిలోని గ్రీన్‌లాండ్ కూడా కావాలంటున్నాడు. ఇద్దరూ ఒకే దొంగకు భయపడే ఇరుగుపొరుగు. ఇద్దరికీ సరిహద్దు తగాదా ఉండేదన్నమాట నిజమే, కానీ దాని తీరు వేరు. గ్రీన్‌లాండ్‌కూ కెనడాకూ మధ్య హాన్స్ ద్వీపం అని ఒక బోడి రాతిగుట్ట, చదరపు కిలోమీటరుకు కాస్త ఎక్కువ. డెన్మార్క్ వాళ్ళు వచ్చి జెండా పాతి ష్నాప్స్ అనే తమ సారా సీసా పెట్టి వెళ్ళేవారు, కెనడా వాళ్ళు వచ్చి తమ జెండా పాతి విస్కీ సీసా పెట్టేవారు. 2022లో గుట్టను ఇద్దరూ పంచుకుని సంతకాలు చేశారు. మన పల్లెల్లో గట్టు తగాదాలు ఇలా నడిస్తే కోర్టులు మూతపడేవి. ఇలాంటి శత్రువు చేతిలో ఓడితే ఏ మొహం పెట్టుకుని తిడతాం? అందుకే ఆ పేరే ఎత్తకుండా ఉండటం ఉత్తమం.

అభిమానుల శాస్త్రంలో కెనడావాళ్ళు ఇంకా విద్యార్థులే. ఆచార్యపీఠం స్వీడన్‌ది. 2002 సాల్ట్‌లేక్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్. గ్రూపులో స్వీడన్ అన్నీ గెలిచింది, కెనడాను 5-2తో చితక్కొట్టింది. ఎదురుగా బెలారుస్. దానిపై ఫిన్లాండ్ ఎనిమిది, అమెరికా ఎనిమిది గోల్స్ కొట్టాయి. స్వీడన్ వాళ్ళకది నిద్రలో గెలిచే మ్యాచ్. ఆ నిద్రలోనే స్కోరు 3-3 అయింది. ఇంకో రెండున్నర నిమిషాలు కూడా లేవు. బెలారుస్ ఆటగాడు వ్లదిమీర్ కొపాత్ రింక్ మధ్యనుంచి, ఏదో పోనీలే అన్నట్టు ఒక షాట్ కొట్టాడు. అది ఎగిరొచ్చి స్వీడన్ గోలీ టామీ సాలో మాస్కుకు తగిలి, పైకి లేచి, వెనక్కి పడి, నింపాదిగా గోల్లోకి వెళ్ళింది. కొబ్బరికాయ నెత్తిన పడ్డ మనిషి ముఖం ఊహించుకోండి, పైన మాస్కు ఉంది కాబట్టి కనిపించదు.

మర్నాడు స్వీడన్‌లో ఒక పత్రిక జట్టు సభ్యుల ఫొటోలు వేసి, పక్కన ఎవరి జీతం ఎంతో వేసి, దేశద్రోహం చేశారని తేల్చింది. జీతం వేయడం నాకు చాలా నచ్చింది. ఇది అకర్మక క్రియలో కూడా పరాకాష్ఠ. కొపాత్‌కు జీతమెంతో ఎవరికీ అక్కర్లేదు. అసలు షాటు కొట్టినవాడెవడన్నది కాదు, తగిలించుకున్నవాడికి ఎంత ఇస్తున్నామన్నదే ప్రశ్న. ఆ షాటు ఆకాశం నుంచి ఊడిపడ్డా వాళ్ళ దృష్టిలో తేడా ఉండేది కాదు. సాలో అంతకుముందు ఆపిన బిళ్ళలకు మాత్రం ఎవరూ లెక్క కట్టలేదు.

మా వృత్తివాళ్ళ సంగతీ చెప్పకపోతే పక్షపాతం అవుతుంది. 1972లో కెనడా, సోవియట్ యూనియన్ ఎనిమిది మ్యాచ్‌లు ఆడాయి. ఎనిమిదికి ఎనిమిదీ మావే అని కెనడా మొత్తం నమ్మింది. డిక్ బెడోస్ అనే పత్రికా రచయిత, సోవియట్ వాళ్ళు ఒక్క మ్యాచ్ గెలిచినా నేను రాసిన ఈ కాలమ్‌ని ముక్కలు చేసి బోర్ష్‌లో వేసుకుని తింటానని రాశాడు. బోర్ష్ అంటే వాళ్ళ బీట్‌రూట్ చారు. సెప్టెంబర్ 2న మాంట్రియల్‌లో మొదటి మ్యాచ్. కెనడా ఆరున్నర నిమిషాల్లో రెండు గోల్స్ కొట్టింది. చివరికి 7-3తో సోవియట్‌ది గెలుపు. బెడోస్ మాట తప్పలేదు, తిన్నాడు. మా వృత్తి మొత్తంలో రాసిన దానికి బాధ్యత వహించిన మనిషి నాకు తెలిసి ఆయనొక్కడే. వాంకూవర్‌లో నాలుగో మ్యాచ్ కూడా పోయేసరికి కెనడా ప్రేక్షకులు కెనడా జట్టునే ఈలలు వేసి, ఊళలు పెట్టి సాగనంపారు. ఆఖరి మ్యాచ్‌లో 34 సెకన్లు మిగిలి ఉండగా పాల్ హెండర్సన్ గోల్ కొట్టి సిరీస్ గెలిపించాక అదే జనం సకర్మకంలోకి వచ్చేశారు.

ఈ వ్యాసం ఫోన్లో రాస్తున్నాను కాబట్టి నేను అలాంటి హామీలేవీ ఇవ్వను.

ఇక డెన్మార్క్ ఒక అన్యాయం చేసింది. కెనడాను దాటుకుని వెళ్ళి సెమీఫైనల్లో స్విట్జర్లాండ్ చేతిలో 7-0తో ఓడింది. బెలారుస్ కూడా 2002లో ఇదే పని చేసింది, సెమీఫైనల్లో కెనడా చేతిలో 7-1. ఈ జట్లకు కనీస మర్యాద లేదు. మమ్మల్ని కొట్టినవాడు కప్పు కొడితే, పోనీ చాంపియన్ చేతిలోనే కదా ఓడామని నలుగురిలో తలెత్తుకుంటాం. మమ్మల్ని కొట్టి మర్నాడో మూడోనాడో ఏడు గోల్స్ తినేస్తే మా పరువేం కావాలి?

ఈ వాదనంతా పూర్తిచేసి మావాడికి చదివి వినిపించాను. శ్రద్ధగా విన్నాడు. తర్వాత అడిగాడు, "మామయ్యా, 2007 ప్రపంచకప్‌లో పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో మనల్ని ఓడించిందెవరు?"

"అదేం మ్యాచ్‌రా, టాస్ గెలిచి బ్యాటింగ్ తీసుకుని 191కే..."

"ఎవరు ఓడించారు అని."

"బంగ్లాదేశ్‌తో ఆడుతూ ఓడిపోయాం."

"ఆ రోజు మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ ఎవరు?"

"సెహ్వాగ్ ఆ బంతిని వదిలేసుండాల్సిందిరా" అన్నాను. "వికెట్ల మీదికి లాక్కున్నాడు. సచిన్ ఏడు పరుగులకే పోయాడు. ధోనీ అయితే సున్నా."

"మామయ్యా, నేనడిగింది అది కాదు."

"అదేరా చెబుతున్నా. ఆ బ్యాటింగ్ ఆర్డర్ పెట్టినవాడెవడో వాణ్ణి..."

"లైన్ సరిగ్గా లేదు మామయ్యా" అని పెట్టేశాడు.