మంచం కింద విమర్శ

గురజాడ అప్పారావుగారి 'దిద్దుబాటు' మీద ఆదివారం సభకి ఓ విమర్శ వ్యాసం రాసివ్వమంటే ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. కారణం ఒక్కటే, కథ చాలా చిన్నది. కాఫీ చల్లారే లోపు చదివేయొచ్చు. చిన్న కథకి చిన్న విమర్శ చాలుగదా అని నా లెక్క.

రాయడానికి కూర్చున్నాక మొదటి పేజీ అంతా 'తొలి తెలుగు కథ ఏది' దగ్గరే అయిపోయింది. 1902లో భండారు అచ్చమాంబగారు రాసిన 'ధనత్రయోదశి' అని కొందరు, కాదు, 1910లో వచ్చిన 'దిద్దుబాటే' అని కొందరు. ఈ రెండు పక్షాలవారూ మా సభలో ముందు వరసలోనే కూర్చుంటారు, అదీ పక్కపక్కన. ఎవరికీ కోపం రాకుండా 'ఒక విధంగా చూస్తే', 'మరో విధంగా చూస్తే' అంటూ పేజీ నింపి, తర్వాత మూడు పేజీల్లో కథ చెప్పాను.

ఫోన్లో చదివి వినిపిస్తే కార్యదర్శిగారు కాసేపు మాట్లాడలేదు. "గురువుగారూ, అసలు కథకంటే మీరు చెప్పిన కథే పెద్దదైంది. విమర్శ ఎక్కడండీ?" అన్నారు.

ఉక్రోషం వచ్చింది. పుస్తకం మళ్లీ తీశాను. గోపాలరావు సానిపాటలు విని రాత్రి ఒంటిగంటకి ఇంటికొస్తాడు. భార్య కమలిని కనపడదు. పుట్టింటికి పోతున్నానని ఉత్తరం ఉంటుంది. తప్పు నాదేనని కుమిలిపోతాడు. అప్పుడు మంచం కిందనుంచి నవ్వు, గాజుల చప్పుడు. దొరికిపోయారు అప్పారావుగారు! 'పెళ్లాం కోసం వెతికే మగవాడు మంచం కింద చూడకుండా ఉంటాడా? ముగింపు అసహజం' అని రాసి, కింద ఎర్ర ఇంకుతో రెండు గీతలు గీశాను.

ఆ గీతలు ఎవరికైనా చూపించకపోతే నిద్ర పట్టదు. సాయంత్రం ఏడింటికి స్కూటరేసుకుని మొగల్రాజపురంలో స్నేహితుడింటికి వెళ్లాను. వాదన ముదిరి, వాళ్లావిడ మూడోసారి ఆవులించాకగానీ లేవలేదు. షట్టర్లు దించేసిన ఏలూరు రోడ్డు దాటి సత్యనారాయణపురం చేరేసరికి ఒంటిగంట కావస్తోంది.

బెల్లు కొట్టాను. తలుపు తీయలేదు. నా దగ్గరున్న తాళంచెవితో తీసుకుని లోపలికెళ్తే ఫ్రిజ్ మీద చీటీ. 'అమ్మకి జ్వరంట. తెనాలి వెళ్తున్నా. చారు ఫ్రిజ్‌లో ఉంది. ఫోన్ ఎత్తరేం?'

నవ్వొచ్చింది. నాలుగు రోజులుగా నా వ్యాసం వినీ వినీ, ఈవిడ నాకే 'దిద్దుబాటు' చూపిస్తోందన్నమాట! ఫోన్లో ఏడు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. కథలో అంతగా మునిగిపోయినవాడు మిస్డ్ కాల్స్ చూడడు. పడగ్గదిలోకెళ్లి, నాటకంలోలా గొంతు సవరించుకుని, "కమలినీ! బుద్ధొచ్చింది, ఇక సాహిత్యం జోలికి పోను" అన్నాను. గాజుల కోసం చెవి ఒగ్గాను. ఫ్యాను తప్ప చప్పుడు లేదు.

నేను గోపాలరావునా, చూడకుండా ఊరుకోడానికి? ఫోన్ టార్చి వేసి, మోకాళ్ల మీద వంగి, తలా భుజాలూ డబుల్ కాట్ కిందికి దూర్చాను. ఓ ఆవకాయ జాడీ, జిప్పు ఊడిన సూట్‌కేసు, ఉగాదినుంచి వెతుకుతున్న నా ఎడమకాలి చెప్పు. మా ఆవిడ మాత్రం లేదు. వెనక్కి రాబోతే బనీను చెక్కకున్న మేకుకి పట్టుకుంది. ముందుకి పోదామంటే పొట్ట అడ్డం.

సరిగ్గా అప్పుడే వీడియో కాల్. బొటనవేలు తగిలి కలిసిపోయింది. తెరమీద మా ఆవిడ, ఆవిడ భుజం వెనకనుంచి దుప్పటి కప్పుకున్న మా అత్తగారు.

"ఏమండీ, అక్కడేం చేస్తున్నారు?"

"నీకోసం వెతుకుతున్నా."

"మంచం కిందా?"

అత్తగారు గుసగుసగా అన్న మాట స్పష్టంగానే వినపడింది. "జ్వరం నాకా, అల్లుడుగారికా?"

బనీను చింపుకుని బయటపడేసరికి రెండైంది. మర్నాడు మా ఆవిడ తిరిగొచ్చి, సంగతంతా విని, వ్యాసం చేతిలోకి తీసుకుని, ఎర్రగీతల దగ్గర ఆగింది. "ఆవిడ పట్టిందంటే అది ఎత్తు మంచమండీ. మీ డబుల్ కాట్ కింద చీపురే పట్టదు. ఆయన చూడలేదని మీరెవరు తప్పు పట్టడానికి? చూసిన మీకేం ఒరిగింది?" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ ముక్కే చివర్న రాసుకుపోయాను. ఆదివారం సభలో నా నాలుగు పేజీలకీ నిద్రపోయిన ముందు వరస, మంచం ఎత్తు దగ్గరకొచ్చేసరికి లేచి కూర్చుంది. "బాగుందండీ పరిశీలన! ఆధారం ఏమిటి?" అనడిగారు ధనత్రయోదశి పక్షంవారు.

వెనక వరసలోంచి నవ్వు, గాజుల చప్పుడు వినపడ్డాయి. మెడ పట్టేసి ఉండటంతో అటు తిరిగి చూడలేకపోయాను.