లైటు తగ్గించండి మహాప్రభో!

బెజవాడలో పగడాలు పెంచుదామని ఉప్పునీటి ట్యాంక్ పెట్టినవాళ్లందరిదీ ఒకటే మందు. పగడం ముడుచుకుందా, లైటు పెంచు. రంగు తగ్గిందా, లైటు పెంచు. అప్పటికీ తేరుకోకపోతే "ఈ మోడల్ తీస్కోండి సార్, డబుల్ పవర్" అనడానికి షాపువాడు ఉండనే ఉన్నాడు.

పగడాలన్నీ ఎండలో పెరిగేవి కాదండీ! బ్లాస్టోమూసా, సైనరీనా, ట్రాకీఫిలియా లాంటి కండపట్టిన రాతి పగడాలు మసక వెలుతురుకు బాగా అలవాటు పడ్డవి. లెప్టోసెరిస్ జాతి అయితే 100 మీటర్లు దాటిన లోతుల్లోనూ బతుకుతుంది. ఎండలోని ఎరుపు కాంతి పైపైనే ఆగిపోతుంది, అంత లోతుకి చేరేది కాస్త నీలం కాంతే. ఇలాంటి వాటికి ట్యాంకులో 50 నుంచి 100 పార్ (తిండి తయారీకి పనికొచ్చే వెలుతురు కొలత) చాలు. కొమ్మల ఆక్రోపోరాకి ఇచ్చే 250, 300 వీటి మీద కుమ్మరించడమంటే, రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం బందరు రోడ్డు మీద చెప్పుల్లేకుండా నిలబెట్టడమే.

పగడం ఒంట్లో కంటికి కనపడనంత చిన్న నాచు ఉంటుంది. వెలుతురుతో తిండి తయారుచేసి పెట్టేది అదే. వెలుతురు మితిమీరితే ఆ నాచు నుంచి పుట్టే చురుకైన ఆక్సిజన్ పగడానికే విషమవుతుంది. అప్పుడు అది నాచును బయటికి వెళ్లగొట్టేసి తెల్లబడుతుంది. మనవాళ్లు అది చూసి "అయ్యో, వెలుతురు చాలక పాలిపోయింది" అని ఇంకో మెట్టు పెంచుతారు! నిజంగా వెలుతురు చాలకపోతే నాచు పెరిగి పగడం చాలాసార్లు గోధుమ రంగుకు తిరుగుతుంది. తెల్లబడిందంటే ముందు చూడాల్సింది లైటు ఎక్కువైందా, నీళ్లు వేడెక్కాయా అని.

వేడి అంటే గుర్తొచ్చింది. లైటు మీద పోసే డబ్బులో సగం, నీళ్లను చల్లబరిచే చిల్లర్ మిషన్ మీద పెట్టండి. ఈ పగడాలు హాయిగా ఉండేది 24 నుంచి 26 డిగ్రీల దగ్గర. 30 దాటి కొన్నాళ్లు ఉందంటే మీ లైటు ఎంత మంచిదైనా దండగే. ఫ్యాన్ పెట్టామంటారు. నీళ్లు ఆవిరైతేనే కదా ఫ్యాన్ చల్లబరిచేది? మన ఉక్కపోతలో ఆవిరయ్యేదెంత? చిల్లర్ కొన్నవాళ్లు కూడా దాన్ని ట్యాంక్ కింద చెక్క అల్మారాలో పెట్టి తలుపేస్తారు. అది వదిలే వేడిగాలి ఎటు పోవాలి?

ఇన్వర్టర్ మీద లైటు పెట్టే మేధావులూ ఉన్నారు. పగడం ఒక రోజంతా చీకట్లో ఉన్నా ఏమీ కాదు. నీళ్లు కదలకపోతే మాత్రం కొన్ని గంటల్లోనే ఆక్సిజన్ పడిపోతుంది. ముందు పంపుకి ఇవ్వండి కరెంటు.

తిండి సంగతైతే ఎవరూ మాట్లాడరు. వీటిలో చాలావాటికి రాత్రి లైట్లు ఆర్పాక మీసాల్లాంటి కొమ్ములు బయటికొస్తాయి. అప్పుడు మైసిస్ రొయ్య చిన్న ముక్క అందిస్తే పట్టుకుని నెమ్మదిగా మింగుతాయి, చూడముచ్చటగా ఉంటుంది. సన్ కోరల్ అనే పగడానికి అసలు ఒంట్లో నాచే ఉండదు. పేరులో సూర్యుడున్నాడు గానీ దానికి లైటుతో పనే లేదు, చేత్తో తినిపించకపోతే బక్కచిక్కి పోతుంది. దాన్ని కూడా లైటు కింద పైమెట్టు మీద కూర్చోబెట్టినవాళ్లున్నారు, ఏం చెప్తాం!

ఇక మంగినపూడి నుంచి డబ్బాల్లో నీళ్లు తెచ్చే బ్యాచ్. బాబూ, అది కృష్ణమ్మ బురద కలిసే తీరం. వానాకాలంలో అక్కడ ఉప్పు పలచబడుతుంది. వంటుప్పు కాదు, ఇలాంటి ట్యాంకుల కోసమే అమ్మే ఉప్పు ప్యాకెట్ కొని, ఫిల్టర్‌లో శుద్ధి చేసిన ఆర్‌ఓ, డీఐ నీళ్లలో 1.025 సాంద్రతకు కలుపుకోండి. ఆవిరైనంత మేర ఉప్పు కలపని ఆ శుద్ధి నీళ్లే పోయండి, మళ్లీ ఉప్పునీళ్లు కాదు.

ఇంకోటి, చాలామందికి కోపం వస్తుందని తెలిసే రాస్తున్నా. మన సముద్రాల రాతి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, పులి ఉన్న షెడ్యూలే అది. విదేశీ రాతి పగడాలు సైటిస్ (వన్యజీవుల వ్యాపారం మీద దేశాల మధ్య ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్నాయి, కాగితాల్లేకుండా దేశం దాటకూడదు. "మన్నార్ సరుకన్నా, చవగ్గా వస్తుంది" అని తమిళనాడు తీరంలోని మన్నార్ సింధుశాఖ పగడాల గురించి ఎవడైనా మెసేజ్ పెడితే బ్లాక్ చేయండి. నేనైతే అదే చేస్తున్నా.

పార్ మీటర్ నా దగ్గరుంది. పటమట, మొగల్రాజపురం వైపు ఎవరికైనా కావాలంటే ఆదివారం వచ్చి తీసుకెళ్లండి, సోమవారానికల్లా తిరిగిచ్చేయండి. వెలుతురు కొలిచే సెల్‌ఫోన్ లక్స్ యాప్ స్క్రీన్‌షాట్లు పెట్టి కామెంట్లలో నాతో వాదనకి మాత్రం దిగకండి, నీలం లైటు దగ్గర వాటి లెక్క నమ్మడానికి లేదు.